పొద్దున పూట మొరాయించే పాత కారు



ఇన్నాళ్లూ ఈ పేజీలో మిక్సీ, ఫ్యాను, నీళ్ల మోటారు, టూవీలర్ గురించే రాస్తూ వచ్చాను. కార్ల గురించి రాయమని ఎవరైనా అడిగితే "మన లైన్లలో కార్లు ఎవరికున్నాయిలే" అనేవాణ్ణి. ఇప్పుడా మాట చెల్లదు. వీధికి ఒకటో రెండో పాత కార్లు వచ్చేశాయి. అప్పో సప్పో చేసి, చీటీ ఎత్తి, ఇరవై ఏళ్ల నాటి బండిని కొనుక్కుంటున్నారు. అది షోకు కోసం కాదు. గుడియాత్తంలో ఉన్నవాడికి అర్ధరాత్రి ఒంట్లో బాగా లేకపోతే వేలూరు పోవాల. ముప్పై కిలోమీటర్లకు పైనే దారి. ఆ వేళలో సొంత బండి ఒకటి వీధిలో ఉంటే ఆ ధైర్యమే వేరు.

వేలూరంటేనే ఆసుపత్రుల ఊరు కదా. 1900లో ఐడా స్కడర్ అనే డాక్టరమ్మ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యమే ఇప్పటి సీఎంసీ. చిత్తూరు, పలమనేరు, గుడియాత్తం వైపు నుంచి తెల్లారకముందే కార్లు ఆ ఊరికి పోతానే ఉంటాయి. నేను చెప్పబోయే పెద్దాయన పోయేది సీఎంసీకి కాదు, వేరే ఆసుపత్రికి. ఆయనకు వారానికి రెండుసార్లు డయాలసిస్. పొద్దున ఆరు గంటలకల్లా అక్కడ ఉండాల.

ఆయన్ని తీసుకుపోయేది మా వీధి తమ్ముడు ఒకడు. మిల్లులో రింగ్ ఫ్రేము మీద పని. 2004 మోడల్ చిన్న పెట్రోల్ కారు, నాలుగు సిలిండర్లది, కొనుక్కున్నాడు. పెద్దాయన వాళ్లు పెట్రోల్ ఖర్చు ఇస్తారు, వీడు తోలుతాడు. అంతకుమించి లెక్కల్లేవు. నాలుగున్నరకు బయలుదేరి కె.వి.కుప్పం, లత్తేరి మీదుగా కాట్పాడి దాటి పాలారు వంతెన ఎక్కితే టైముకు చేరతారు.

మార్గళి చలి మొదలైనప్పటి నుంచి ఈ బండి మొండికేసింది. పొద్దున సెల్ఫ్ కొడితే ఇంజన్ గిర్రున తిరుగుతుంది గానీ అందుకోదు. పది, పదిహేను సార్లు కొట్టాక దగ్గుతూ లేస్తుంది, ఒకసారి ఆగిపోతుంది, మళ్లీ కొట్టాల. ఒకసారి లేచిందా, ఇక రోజంతా ఏ బాధా లేదు. వేలూరులో రెండు గంటలు నిలబెట్టి తీసినా తాళం తిప్పిన వెంటనే లేస్తుంది.

అందుకని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. "పాత బండి, చలికి అట్లానే చేస్తుంది" అనుకున్నారు. ఒక రోజు మాత్రం అది లేవనే లేదు. కొట్టి కొట్టి బ్యాటరీ దిగిపోయింది. ఆటో దొరికేసరికి అయిదున్నర. ఆసుపత్రికి చేరేసరికి ఆయన వంతు దాటిపోయింది. మధ్యాహ్నం ఎక్కించారు గానీ అంతవరకూ ఆయాసంతో బెంచీ మీద కూర్చోవాల్సి వచ్చింది. ఆ రాత్రి తమ్ముడు నా దగ్గరికి వచ్చి ఒక మాటన్నాడు. "అన్నా, బండి లేకపోతే లేదని చెప్పేయొచ్చు. ఉండాది, లేస్తుందో లేదో తెలీదంటే ఎట్లన్నా? నన్ను నమ్ముకొని ఉండారు వాళ్లు."

ఆ మాట నిజమే. అసలు లేని బండి కంటే నమ్మకం లేని బండి ప్రమాదం. అందుకే ఈ నెల దీని గురించి వివరంగా రాస్తున్నాను.

అంతవరకు వాడు ఖర్చు పెట్టింది చూడండి. మొదట కొత్త బ్యాటరీ, 4,200. రెండు రోజులు కాస్త త్వరగా లేచింది, మళ్లీ మామూలే. తర్వాత ఇంకో చోట ప్లగ్గులు మార్చారు, 1,100. ఆ పైన ఇంజెక్టర్లు, థ్రాటిల్ క్లీనింగ్ అని 1,800. మొత్తం 7,100 రూపాయలు. జీతంలో సగానికి పైగా అదే పోయింది. చివరకు "పెట్రోల్ పంపు పోయింది, 5,500 అవుతుంది" అన్నారట. అప్పుడు భయపడి నా దగ్గరికి వచ్చాడు.

ఆ మెకానిక్కులు మోసగాళ్లని నేను అనను. బ్యాటరీ మార్చినప్పుడు బండి కాస్త బాగా లేచిన మాట నిజం కదా. ఇంజన్ జోరుగా తిరిగితే సగం జబ్బున్న బండి కూడా కాస్త ముందుగా అందుకుంటుంది. దాన్ని చూసి జబ్బు దొరికిందనుకున్నారు. తప్పు ఎక్కడంటే, చూడకముందే మార్చడంలో ఉంది. మన పని సంగతే ఆలోచించండి. రింగ్ ఫ్రేములో ఒక స్పిండిల్ దగ్గర దారం మాటిమాటికీ తెగుతోంది. బాబిను మార్చు, ట్రావెలర్ మార్చు, స్పిండిల్ మార్చు అని వరసగా మారుస్తూ పోతామా? ఎక్కడ తెగుతోంది, ఎప్పుడు తెగుతోంది, పైనుంచి వచ్చే రోవింగ్ సరిగా ఉందా అని చూస్తాం. కారుకూ అదే పద్ధతి.

ముందు ఈ బండ్లు ఎట్లా పనిచేస్తాయో తెలుసుకుందాం.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినప్పుడు దానికి ఉన్నది కార్బరేటరే. అప్పటి బండ్లన్నీ అంతే. చలి పొద్దున డ్రైవరు చోక్ లాగేవాడు, ఎక్సలేటర్ రెండుసార్లు తొక్కేవాడు, సెల్ఫ్ కొట్టేవాడు. ఎందుకు? చల్లటి ఇంజనులో పెట్రోల్ సరిగా ఆవిరి కాదు. గోడలకు తడిలాగా అంటుకొని ఉండిపోతుంది. ఆవిరైన పెట్రోలే మండుతుంది, తడి మండదు. అందుకని చల్లటి ఇంజనుకు మామూలు కంటే ఎక్కువ పెట్రోల్ పోయాల. చోక్ చేసే పని అదే.

తర్వాత పొగ మీద ప్రభుత్వ నియమాలు వచ్చాయి. 2000 నుంచి మెల్లమెల్లగా కార్బరేటర్ పోయి, మన కార్లకు ఎంపీఎఫ్ఐ, అంటే సిలిండరుకు ఒక ఇంజెక్టర్ ఉండే పద్ధతి వచ్చింది. విదేశాల్లో ఇది ఇంకా పాత సంగతి. జర్మనీ బాష్ కంపెనీ 1967లోనే ఫోక్స్‌వ్యాగన్ కార్లకు ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పెట్టింది. ఈ పద్ధతిలో చోక్ లాగే మనిషి లేడు. ఆ పని కంప్యూటర్ చేస్తుంది. దాన్ని ఈసీయూ అంటారు. ఇంజన్ చల్లగా ఉందా, వేడిగా ఉందా అని దానికి కళ్లతో చూసే వీలు లేదు. కూలెంట్ నీళ్లలో మునిగి ఉండే చిన్న సెన్సార్ చెప్పాల. "ఇరవై డిగ్రీలే ఉంది" అని సెన్సార్ చెబితే కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. "ఎనభై ఉంది" అంటే తక్కువ పోస్తుంది.

ఇక్కడ ఒక పాత అలవాటు గురించి చెప్పాల. ఇంజెక్షన్ బండికి సెల్ఫ్ కొట్టకముందు ఎక్సలేటర్ టపటపా తొక్కితే ఏమీ రాదు. కార్బరేటర్‌లో చిన్న పంపు ఉండేది, తొక్కితే పెట్రోల్ చిమ్మేది. ఇందులో పెడల్ తెరిచేది గాలి దారిని మాత్రమే. కాబట్టి మామూలు రోజుల్లో పెడల్ మీద కాలు పెట్టకుండా సెల్ఫ్ కొట్టడమే పద్ధతి.

ఇక బండి లేవనప్పుడు వరసగా నాలుగు ప్రశ్నలు వేసుకోవాల. వరస తప్పకూడదు.

మొదటి ప్రశ్న: ఇంజన్ తిరుగుతోందా? తాళం తిప్పితే "టక్" మని ఆగిపోయినా, నీరసంగా తిరిగినా పెట్రోల్ జోలికి పోవద్దు. హెడ్‌లైటు వేసి సెల్ఫ్ కొట్టి చూడండి. లైటు బాగా మసకబారితే బ్యాటరీ అయినా దిగి ఉండాల, టెర్మినల్ అయినా వదులై ఉండాల. బ్యాటరీ తలల మీద తెల్లగా, పచ్చగా పూత పట్టి ఉంటే వైరు ఊడదీసి, వేడి నీళ్లలో వంట సోడా వేసి కడిగి, తుడిచి బిగించండి. ఊడదీసేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. ఇంజన్ నుంచి బాడీకి పోయే ఎర్త్ వైరు కూడా చూడండి. పాత బండ్లలో అది తుప్పు పట్టి సగం తెగి ఉంటుంది. మల్టీమీటర్ ఉన్నవాళ్లకు లెక్క చెబుతాను. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపాల. సెల్ఫ్ కొట్టేటప్పుడు పది దగ్గర నిలవాల. తొమ్మిదిన్నర కిందికి పడిపోతే బ్యాటరీని అనుమానించాల.

రెండో ప్రశ్న: పెట్రోల్ వస్తోందా? రేడియో, ఫ్యాను అన్నీ ఆపి, తాళం ఆన్‌లో పెట్టి, సెల్ఫ్ కొట్టకుండా వెనక సీటు వైపు చెవి పెట్టండి. "జుయ్" మని రెండు మూడు సెకన్లు సన్న శబ్దం వచ్చి ఆగిపోవాల. టాంకులోని పంపు పైపులో ప్రెషర్ నింపుతున్న శబ్దం అది. అసలు రాకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే చూసి, ఆ తర్వాతే పంపు గురించి ఆలోచించాల. రిలే పోయిందేమో అని చూడటానికి సులభమైన పని ఉంది. అదే సైజు, అదే నంబరు రిలే వేరే దానికి ఉంటే రెంటినీ మార్చి పెట్టి చూడండి.

శబ్దం వస్తున్నా రాత్రంతా నిలబెట్టిన బండి పొద్దున ఆలస్యంగా లేస్తుంటే ఇంకో పరీక్ష. పంపులో ఒక చిన్న వాల్వు ఉంటుంది. బండి ఆపాక పైపులో ప్రెషర్ దిగిపోకుండా అది పట్టి ఉంచాల. అది కారితే పొద్దునకు పైపు ఖాళీ. అందుకని తాళం ఆన్ చేసి మూడు సెకన్లు ఆగి ఆఫ్ చేయండి. ఇట్లా మూడుసార్లు చేసి, నాలుగోసారి సెల్ఫ్ కొట్టండి. వెంటనే లేచిందంటే అనుమానం ఆ వాల్వు మీదకో, కారుతున్న ఇంజెక్టర్ మీదకో పోతుంది. ఏ తేడా లేకపోతే ప్రెషర్ దిగిపోవడం కారణం కాకపోవచ్చు. ఈ పరీక్షకు ఒక్క రూపాయి ఖర్చు లేదు.

మూడో ప్రశ్న: నిప్పురవ్వ వస్తోందా? చాలాసేపు సెల్ఫ్ కొట్టి లేవనప్పుడు ఒక ప్లగ్గు విప్పి చూడండి. పొడిగా ఉంటే పెట్రోల్ రావడం లేదు, లేదా చాలడం లేదు. తడిసి పెట్రోల్ వాసన కొడితే రవ్వ రావడం లేదు, లేదా పెట్రోల్ ఎక్కువైంది. ప్లగ్గు వైరు చేత్తో పట్టుకుని రవ్వ చూడటం మాత్రం వద్దు. వేల వోల్టులు. మనిషికీ ముప్పే, కంప్యూటర్‌కూ ముప్పే. ఆ పరీక్ష మెకానిక్కుకు వదిలేయండి.

నాలుగో ప్రశ్న: కొలత సరిగా ఉందా? తిరుగుతోంది, పెట్రోల్ ఉంది, రవ్వ ఉంది, అయినా లేవడం లేదంటే గాలీ పెట్రోలూ కలిసే కొలత తప్పింది. కాగిన ఇంజనులో ఒక కేజీ పెట్రోలుకు దాదాపు 14.7 కేజీల గాలి కావాల. చల్లటి ఇంజనుకు పెట్రోల్ వంతు పెంచాల. ఈ కొలత సెన్సార్ల మాట మీద నడుస్తుంది.

ఈ నాలుగింటితో పాటు "ఎప్పుడు" అన్నది కూడా చూడాల. జబ్బు పేరు సగం అక్కడే తెలిసిపోతుంది.

చల్లగా ఉన్నప్పుడే మొరాయిస్తే: కూలెంట్ సెన్సార్, రాత్రి దిగిపోయే ప్రెషర్, అరిగిన ప్లగ్గులు, నీరసించిన బ్యాటరీ.

వేడిగా ఉన్నప్పుడే మొరాయిస్తే: మన కత్తిరి ఎండల్లో కాట్పాడి స్టేషన్ బయట బండి పెట్టి, ఇరవై నిమిషాల తర్వాత వచ్చి తీస్తే లేవదు. ఇంజెక్టర్ కారి లోపల పెట్రోల్ ఎక్కువై ఉండొచ్చు. అప్పుడు ఎక్సలేటర్ పూర్తిగా కిందికి తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి. చాలా బండ్లలో కంప్యూటర్ అప్పుడు పెట్రోల్ ఆపేసి గాలిని మాత్రమే పంపుతుంది. ఎక్కువైనది బయటికి పోతుంది. లేచిన వెంటనే కాలు తీసేయండి. అట్లా కాక, బండి నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, అరగంట చల్లారాక ఏమీ జరగనట్టు లేస్తే, ఇంజన్ తిరుగుడును లెక్కపెట్టే క్రాంక్ సెన్సార్ వేడికి చచ్చుబడుతోందేమో చూపించండి.

ఎక్సలేటర్ కాస్త తొక్కితేనే లేచి, కాలు తీస్తే ఆగిపోతే: ఖాళీగా నిలబడినప్పుడు గాలిని పంపే చిన్న వాల్వులో మసి పట్టి ఉంటుంది. ముందు శుభ్రం చేయించండి, ఆ తర్వాతే మార్చే మాట.

ఇప్పుడు మా తమ్ముడి బండి దగ్గరికి వద్దాం.

సాయంత్రం చూస్తానంటే కుదరదు. చల్లగా ఉన్నప్పుడు వచ్చే జబ్బును చల్లగా ఉన్నప్పుడే చూడాల. ఆదివారం పొద్దున అయిదు గంటలకు టార్చి, మల్టీమీటర్ తీసుకుని పోయాను. వాళ్లమ్మ అప్పటికే టీ పెట్టింది.

మొదటి ప్రశ్న: ఇంజన్ జోరుగా తిరుగుతోంది. కొత్త బ్యాటరీ కదా. రెండోది: పంపు శబ్దం చక్కగా వచ్చింది. తాళం మూడుసార్లు ఆన్ ఆఫ్ చేసి కొట్టాం. తేడా లేదు. అంటే 5,500 పెట్టి పంపు మార్చి ఉంటే ఆ డబ్బూ పోయేది. మూడోది: ప్లగ్గు విప్పి చూస్తే దాదాపు పొడిగా ఉంది. అంతసేపు కొట్టాక పొడిగా ఉండటమే నాకు గుర్తు. పంపు పనిచేస్తోంది, పైపులో ప్రెషర్ ఉంది, అయినా ఇంజెక్టర్లు పిసినారిగా పోస్తున్నాయి. పోయవద్దని ఎవరు చెబుతున్నారు?

ఈ బండికి బజారులో దొరికే చిన్న స్కానర్ పెట్టలేం. మన దేశంలో ఆ ఓబీడీ పద్ధతి 2010 తర్వాతి కార్లకు తప్పనిసరి అయింది, ఇది 2004ది. అందుకని కూలెంట్ సెన్సార్ ప్లగ్గు ఊడదీసి, దాని రెండు కాళ్ల మధ్య మీటర్ పెట్టాను. ఈ సెన్సార్ గుణం ఏమిటంటే చల్లగా ఉంటే దాని రెసిస్టెన్స్ ఎక్కువ, వేడెక్కేకొద్దీ తక్కువ. బండిని బట్టి కాస్త మారుతుంది గానీ ఇరవై డిగ్రీల దగ్గర రెండు వేల నుంచి మూడు వేల ఓమ్స్ మధ్య ఉండటం మామూలు. ఎనభై దగ్గర మూడు వందల చుట్టుపక్కలకు వస్తుంది. మార్గళి పొద్దున, చేయి పెడితే చల్లగా తగిలే ఇంజను మీద మా మీటర్ చూపింది 350.

అంటే చలిలో వణుకుతున్న ఇంజను గురించి ఆ సెన్సార్ "బాగా కాగి ఉంది" అని చెబుతోంది. కంప్యూటర్ నమ్మి పెట్రోల్ తగ్గిస్తోంది. పది పదిహేను సార్లు కొట్టగా కొట్టగా కొద్దికొద్దిగా చేరిన పెట్రోలుతో ఇంజను ఎట్లాగో లేస్తోంది. మరి రోజంతా ఎందుకు బాగుంది? ఇంజను నిజంగానే కాగింది కాబట్టి. అబద్ధం చెప్పేవాడి మాట ఆ వేళకు నిజమైపోతుంది.

డ్యాష్‌బోర్డులో ఇంజన్ లైటు ఎందుకు వెలగలేదని తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. వైరు తెగితే, షార్ట్ అయితే కంప్యూటర్‌కు అర్థం కాని లెక్క వస్తుంది, అప్పుడు లైటు వెలిగిస్తుంది. ఎనభై డిగ్రీలు అన్నది మాత్రం ఇంజనుకు మామూలు లెక్కే. అది అబద్ధమని ఈ పాత కంప్యూటర్‌కు తెలియదు. కాబట్టి లైటు వెలగలేదంటే జబ్బు లేదని అర్థం కాదు. ఇది గుర్తుపెట్టుకోండి.

నిర్ధారణ కోసం ఇంకొక పని చేశాను. సెన్సార్ ప్లగ్గు ఊడదీసి పక్కన పెట్టి సెల్ఫ్ కొట్టమన్నాను. సెన్సార్ అసలు లేదని తెలిస్తే చాలా బండ్లలో కంప్యూటర్ తనకు తాను ఒక అంచనా వేసుకుని పెట్రోల్ పోస్తుంది. రెండో తిరుగుడుకే లేచింది. ఇంజన్ లైటు వెలిగింది, రేడియేటర్ ఫ్యాను తిరిగింది. అది మామూలే. తమ్ముడు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కాసేపు మాట్లాడలేదు. "ఇంతేనా అన్నా?" అన్నాడు తర్వాత.

ఇంతే. సెన్సార్ 350 రూపాయలు. సోమవారం సాయంత్రం, ఇంజను పూర్తిగా చల్లారాక మార్చాం. కాగిన ఇంజను మీద రేడియేటర్ మూత గానీ ఈ సెన్సార్ గానీ విప్పితే కాగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. ఎంత తొందరున్నా ఆ పని చేయవద్దు. కొత్తది మరీ బిగించలేదు, ఇత్తడి మర కాబట్టి విరిగిపోతుంది. తగ్గిన కూలెంట్ పోసి, గాలి బుడగలు పోయేదాకా నడిపాం. మంగళవారం పొద్దున మీటర్ పెడితే 2,400 చూపింది. తాళం తిప్పగానే లేచింది.

ఇక మీకు నేను చెప్పే నాలుగు మాటలు.

మెకానిక్ దగ్గరికి పోయేముందు ఒక కాగితం మీద రాసుకోండి. ఎప్పుడు లేవడం లేదు, చల్లగానా వేడిగానా. సెల్ఫ్ ఎట్లా తిరుగుతోంది. పంపు శబ్దం వస్తోందా. ఈమధ్య ఏమేం మార్చారు. వీలైతే ముందురోజు రాత్రే బండిని షాపులో వదిలి రండి, పొద్దున చల్లటి ఇంజనుతో చూస్తాడు. "ఫలానా పార్టు పోయింది" అని అతనంటే మర్యాదగా ఒక్క మాట అడగండి: "ఎట్లా తెలిసిందన్నా?" మీటర్ పెట్టి చూశాను, ప్రెషర్ కొలిచాను అంటే మార్పించండి. "మార్చి చూద్దాం" అంటే ఒక రోజు ఆగండి. తీసేసిన పాత పార్టు మీ చేతికి ఇవ్వమనండి.

సెల్ఫ్ ఒక్కసారికి పది సెకన్లకు మించి కొట్టవద్దు, మధ్యలో అర నిమిషం ఆపండి. లేకపోతే సెల్ఫ్ మోటార్ కాలిపోయి ఒక జబ్బు రెండు జబ్బులవుతుంది.

టాంకులో ఎప్పుడూ కాలు వంతు పెట్రోల్ ఉంచండి. వంద రూపాయలకు పోయించుకుని రిజర్వులో తిప్పడం మన అలవాటు. ఇంజెక్షన్ బండిలో పంపు పెట్రోల్లో మునిగి ఉంటేనే చల్లబడుతుంది. పైకి తేలితే త్వరగా పోతుంది.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌కు తేమను పీల్చే గుణం ఉంది. పాత రబ్బరు పైపులకూ అది పడకపోవచ్చు. కాబట్టి పాత బండిని నెలల తరబడి కదపకుండా పెట్టవద్దు. ఏడాదికోసారి పెట్రోల్ పైపులు చీలాయేమో చూపించండి. పెట్రోల్ వాసన వస్తే సెల్ఫ్ కొట్టవద్దు, బీడీ వెలిగించవద్దు. ముందు వాసన ఎక్కణ్ణించో చూడాల.

తమ్ముడి బండి ఇప్పుడు పొద్దున నాలుగున్నరకు మా కిటికీ కిందుగా పోతుంది. ముందు ఆ సెల్ఫ్ గోలకు వీధంతా లేచేది. ఇప్పుడు ఒక్కసారి "బుర్" మని లేచి వెళ్లిపోతుంది. మొన్న పెద్దాయన కనబడితే బండి బాగుందా మామా అని అడిగాను. "బండి సంగతి నాకేం తెలుసు నాయనా. ఇప్పుడు ముందురోజు రాత్రి నిద్ర పడతా ఉండాది" అన్నాడు.

మీ బండి ఏ వేళలో ఎట్లా మొరాయిస్తోందో రాసి పంపండి. వచ్చే నెల వేడి ఇంజను జబ్బుల గురించి, ఎండలు ముదరకముందే రేడియేటర్‌ను ఎట్లా చూసుకోవాలో రాస్తాను.